పదహారు తెలుపులు

అత్తరు దుకాణంల కౌంటర్ వెనుక
నాకు చెప్పిన మొదటి పని నవ్వుడు.
సీసా మూత తీసి, కాగితం ముక్కకు అద్ది,
గిరాకి ముక్కు ముందట పట్టేటప్పుడు
నవ్వాలె.
నేను కండ్లతోటి నవ్వుడు నేర్చుకున్న.
మెడ వంచి నవ్వుడు నేర్చుకున్న.
ఎడమచెయ్యి దానంతటదే
మూతికాడికి పోతది.

మేనేజర్ అశ్రఫ్ ఒకనాడు మెల్లగ అన్నడు,
తిట్టినా బాగుండు:
"ఈడ దగ్గర్ల పండ్ల డాక్టర్లు మస్తుమంది, ఒకసారి చూపిచ్చుకోరాదు?"

శుక్రారం శుక్రారం మనామా గల్లీలు తిరిగిన.
ఒక క్లినిక్‌ల ఏసీ గాలికే పండ్లు జివ్వుమన్నయి.
తెల్లగ చేసుడు డెబ్బై దినార్లు.
వంకర తీసుడు ఆరు నూర్లు,
తీగ రెండేండ్లు నోట్లెనే ఉండాలట.
నా వీసా పదమూడు నెలలు.
సగం సాపైన నోటితోటి విమానమెక్కితే
తక్కిన సగం ఎవడు గుంజుతడు?

ఇంకోకాడ బోర్డు మీద ఒక పిల్ల నవ్వుతున్నది.
ఎండల నిలబడి
ఆ పిల్ల పండ్లు లెక్కపెట్టిన.
ఇరవై దాక వచ్చి మర్చిపోయిన.

రూంల గంగరాజం అంటడు:
"పన్ను మీద పన్నుంటె అదృష్టం రా, ముట్టుకోకు."
ఆరుగురం పండే రూంల,
పైమంచం మీద,
నా అదృష్టం కప్పుకు తలుగుతది.

ఆఖరుకు ముహరఖ్‌ల
దర్జీ దుకాణం మీది మెట్లెక్కిన.
పేరడిగింది చీటీలు రాసే పిల్ల.
ముత్యాలు, అన్న.
మళ్ళ అడిగింది.
అరబ్బీల చెప్పిన: లూలూ.
"దుకాణం పేరు కాదు, నీ పేరు!" అన్నది,
నవ్వింది.
నేను నోరు తెరువక ముందే నవ్వింది కాబట్టి
నాకు కోపం రాలేదు.

డాక్టరు సూడాను పెద్దమనిషి.
పదహారు ఉత్తుత్తి పండ్లు
వరుసగ గుచ్చిన పట్టీ తీసిండు.
ఒక్కొక్కటి నా పన్ను పక్కకు పెట్టి చూసిండు,
చీరెకు జాకెట్టు గుడ్డ కలిపి చూసినట్టు.
పాల తెలుపు, సున్నం తెలుపు,
గంజి తెలుపు, పాత చొక్కా తెలుపు.
పట్టీ పక్కకు పెట్టి అన్నడు:
"నీ రంగు ఇండ్ల లేదు.
చిన్నప్పుడు ఏం నీళ్ళు తాగినవ్?"

బీడీలు తాగుతవా అన్నరు, గుట్కా తింటవా అన్నరు,
పండ్లు తోముకుంటవా అని కూడ అడిగిన్రు.
నీళ్ళ సంగతి అడిగింది ఇప్పటిదాక ఎవ్వలు లేరు.

బోరింగు నీళ్ళు, అన్న.
నల్లగొండ దిక్కు మాది.
అక్క కొట్టేది, నేను దోసిలి పట్టేటోణ్ణి.
సల్లగ, తేటగ, బిందె అడుగు కనవడేది.
గంత తేట నీళ్ళు
లోపల రాసుకుంట పోతున్నయని ఎవలికెరుక?
అక్క మోకాళ్ళల్ల నిండ రాసినయి.
నా పండ్ల మీద సంతకం పెట్టి ఊకున్నయి.

"ఇది మురికి కాదు" అన్నడు డాక్టరు.
"మందు పూస్తె తెల్లది ఇంక తెల్లగైతది,
మచ్చ ఇంక మచ్చగ కనవడతది.
డెబ్బై దినార్లు దాసుకో.
ఊకె కడుగుత. ఎనిమిది."

కడిగిండు.
పుక్కిలించుమని కాగితం గిలాసల నీళ్ళిచ్చిండు.
సముద్రంల ఉప్పు తీసి
ఇంటింటికి పంపే నీళ్ళు.
అంత పెద్ద సముద్రానికి చేసిన మరమ్మతు
మా ఒక్క బోరింగుకు ఎందుకు రాలేదో
గిలాసల చూసుకుంట కొంచెంసేపు కూసున్న.
ఉమ్మితె తొట్టిల సన్నటి ఎర్ర చార.

రాత్రి అక్క ఫోన్‌ల మొకం కనవడంగనే
"చూపియ్యి రా" అన్నది.
చెయ్యి అడ్డం పెట్టకుంట చూపిచ్చిన.
ఫోను దగ్గరికి గుంజుకొని
చానాసేపు చూసింది.
"నీయి గట్లనే ఉన్నయి" అన్నది,
ఎందుకో గని
సంబురంగ.